పోర్టు పాడైందా, డ్రైవర్ మొరాయిస్తోందా?

ప్రశ్న: నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. నాలుగేళ్ల క్రితం కొన్న నా ల్యాప్‌టాప్‌కు ఎడమవైపు రెండు, కుడివైపు ఒకటి యూఎస్‌బీ పోర్టులు ఉన్నాయి. రెండు నెలలుగా ఎడమవైపు పోర్టులను నమ్మడానికి లేకుండా పోయింది. పెన్‌డ్రైవ్ పెట్టగానే టంగుమని ఒక శబ్దం, ఆ వెంటనే తీసేసినప్పుడు వచ్చే శబ్దం వినిపించి, ‘యూఎస్‌బీ డివైస్ నాట్ రికగ్నైజ్డ్’ అని తెర మూలన కనబడుతుంది. అదే పెన్‌డ్రైవ్ కుడివైపు పెడితే చక్కగా తెరుచుకుంటుంది. విచిత్రమేమిటంటే మౌస్ ఎడమవైపు ఒక పోర్టులో పనిచేస్తుంది, దాని పక్కదానిలో పనిచేయదు. రిపేరు షాపులో మదర్‌బోర్డు మార్చాలన్నారు. మా మేనల్లుడేమో ‘డ్రైవర్లన్నీ పీకేసి రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది అత్తా’ అంటున్నాడు. ఎవరి మాట వినమంటారు?
— ఒక ఉపాధ్యాయురాలు, ఖమ్మం

జవాబు: మీ మేనల్లుడి మాటలో ‘అన్నీ’ అన్న పదాన్ని తీసేస్తే మిగిలినది సరైన సలహాయే. డ్రైవర్ అంటే ఒక పరికరాన్ని విండోస్ చేత నడిపించే చిన్న ప్రోగ్రాము. అయితే దాని జోలికి వెళ్లే ముందు లోపం పోర్టులో ఉందా, విండోస్‌లో ఉందా అన్నది తేల్చుకోవాలి. దానికి రూపాయి ఖర్చు లేదు.

మొదట ల్యాప్‌టాప్‌ను ఆపి, టార్చి లైటు వేసి పోర్టు లోపలికి చూడండి. మధ్యలో ఉండే ప్లాస్టిక్ నాలుక నిటారుగా ఉండాలి, దాని మీది లోహపు పట్టీలు వంగకుండా, మసిబారకుండా ఉండాలి. ఇది చాదస్తంగా అనిపించవచ్చు కానీ, నేనొకసారి రెండు సాయంత్రాలు కూర్చుని మా ఇంటి ల్యాప్‌టాప్‌లో ఉన్న డ్రైవర్లన్నింటినీ తీసి పెట్టి, పెట్టి తీసి, చివరికి పోర్టులో ఇరుక్కున్న అగరుబత్తి పుల్ల ముక్కను పట్టకారుతో బయటికి లాగాను. తర్వాత పెన్‌డ్రైవ్ పెట్టి మెల్లగా అటూ ఇటూ కదిపి చూడండి. కదిపినప్పుడల్లా శబ్దాలు మారుతుంటే పోర్టు వదులైందని అర్థం, దానికి డ్రైవర్ వైద్యం పనిచేయదు.

ఇక అసలు పరీక్ష. లైనక్స్ గానీ, విండోస్ ఇన్‌స్టాలర్ గానీ ఎక్కించి ఉన్న బూటబుల్ (కంప్యూటర్‌ను తనతోనే మొదలుపెట్టగల) పెన్‌డ్రైవ్ ఒకటి ఎవరినైనా అడిగి తెచ్చుకుని, దాన్ని సరిగా పనిచేయని పోర్టులోనే పెట్టి, ల్యాప్‌టాప్‌ను వెలిగిస్తూనే బూట్ మెనూ (దేని నుంచి మొదలవాలో అడిగే జాబితా) తెరవండి. దానికి నొక్కవలసిన మీట కంపెనీని బట్టి మారుతుంది; ఎఫ్12, ఎఫ్9 వంటివాటిలో ఒకటి అవుతుంది. ఆ సమయానికి విండోస్ ఇంకా నిద్ర లేవదు, దాని డ్రైవర్లు ఒక్కటి కూడా మెమరీలోకి ఎక్కవు. అప్పుడు కూడా పెన్‌డ్రైవ్ పేరు ఆ జాబితాలో కనబడుతుంటే, పోర్టుకూ దాని వైర్లకూ ప్రాణం ఉన్నట్టే లెక్క. మూడు నాలుగు సార్లు చూసినా కనబడకపోతే లోపం విండోస్‌ది కాదు. అప్పుడు కూడా మదర్‌బోర్డు దాకా వెళ్లనక్కర లేకపోవచ్చు. చాలా ల్యాప్‌టాప్‌లలో ఒకవైపు పోర్టులు విడిగా ఒక చిన్న బోర్డు మీద ఉండి, పలచని రిబ్బన్ కేబుల్‌తో మదర్‌బోర్డుకు కలిసి ఉంటాయి. షాపులో ‘ఈ మోడల్‌కు ఎడమవైపు పోర్టులు వేరే బోర్డు మీద ఉన్నాయా?’ అని ఒక్క ప్రశ్న అడగండి. ఆ బోర్డు, కేబుల్ కలిపినా మదర్‌బోర్డు ధరలో చిన్న వంతే అవుతుంది.

మీ ఉత్తరంలో నాకు ఆశ కలిగించిన మాట మౌస్ గురించి రాసినది. ఎందుకో చెబుతాను. యూఎస్‌బీ పరికరం పెట్టిన ప్రతిసారీ కంప్యూటర్ దానిని ‘నువ్వెవరు?’ అని అడుగుతుంది. అది తన తయారీదారు సంఖ్యను, తన రకం సంఖ్యను, ఉంటే క్రమసంఖ్యను చెబుతుంది. విండోస్ ఆ వివరాలతో రిజిస్ట్రీ అనే తన లెక్కల పుస్తకంలో ఒక పద్దు రాసుకుని, ఏ డ్రైవర్‌తో నడపాలో దాని పక్కన నమోదు చేసుకుంటుంది. చవక మౌస్‌లకు సాధారణంగా క్రమసంఖ్య ఉండదు. అలాంటివాటిని విండోస్ ఏ పోర్టులో పెట్టామన్నదాన్ని బట్టి గుర్తుపెట్టుకుంటుంది కనుక, ఒకే మౌస్‌కు మూడు పోర్టులలో మూడు వేర్వేరు పద్దులు తయారవుతాయి. కొత్త పోర్టులో పెట్టగానే పాత మౌస్‌ను కూడా కొత్తదానిలా ‘సెటప్’ చేస్తున్నట్టు కనబడేది అందుకే. ఈ పద్దులలో ఒకటి, మధ్యలో కరెంటు పోయినప్పుడో, విండోస్ అప్‌డేట్ సగంలో ఆగినప్పుడో చెడితే, ఆ పరికరం ఆ ఒక్క పోర్టులోనే మొరాయిస్తుంది. పోర్టు బాగానే ఉంటుంది, పరికరమూ బాగానే ఉంటుంది, మధ్యలోని లెక్కే తప్పుతుంది.

ఆ తప్పు పద్దును చెరిపితే విండోస్ కొత్తది రాసుకుంటుంది. ‘డ్రైవర్ తీసేయడం’ అని మనం వాడుకగా అనేది చాలాసార్లు ఇదే. ముందుగా ఒక రిస్టోర్ పాయింట్ (ఏదైనా చెడితే విండోస్‌ను ఇప్పటి స్థితికి వెనక్కి తెచ్చుకునే గుర్తు) పెట్టుకోండి. తర్వాత సరిగా పనిచేయని పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టి, స్టార్ట్ బటన్ మీద మౌస్ కుడి మీట నొక్కి, పరికరాల జాబితా అయిన డివైస్ మేనేజర్ తెరవండి. ‘యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్’ అన్న విభాగంలో పసుపు త్రికోణంతో ఒక వరుస కనబడుతుంది. ‘అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్’ అని ఉండవచ్చు. దాన్ని రెండుసార్లు నొక్కితే ఒక కోడ్ చూపిస్తుంది. కోడ్ 43 అంటే పరికరం ఏదో ఇబ్బంది ఉన్నట్టు తెలిపింది కాబట్టి విండోస్ దాన్ని ఆపేసిందని అర్థం. పక్కనే ‘డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్’ అని ఉంటే, నేను పైన చెప్పిన ‘నువ్వెవరు’ అన్న ప్రశ్నకే సరైన జవాబు రాలేదన్నమాట. ఇది చెడిన పద్దు వల్ల రావచ్చు, వదులు పోర్టు వల్ల కూడా రావచ్చు, అందుకే బూట్ మెనూ పరీక్షను ముందు చేయమన్నాను. కోడ్ 19 గానీ 39 గానీ ఉంటే దారి వేరు. పెన్‌డ్రైవ్‌లను అడ్డుకునే సాఫ్ట్‌వేరో, పాత యాంటీవైరసో వెళ్లిపోతూ తన ఫిల్టర్ డ్రైవర్‌ను (అసలు డ్రైవర్‌కు కాపలాగా పెట్టినదాన్ని) వదిలివెళ్లినప్పుడు ఇవి వస్తుంటాయి. ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీయే ఇచ్చే శుభ్రపరిచే టూల్‌తో దాన్ని తీయించడం మేలు; రిజిస్ట్రీలో స్వయంగా చెయ్యి పెట్టవద్దు.

త్రికోణం ఉన్న ఆ ఒక్క వరుస మీద కుడి మీట నొక్కి ‘అన్‌ఇన్‌స్టాల్ డివైస్’ ఎంచుకోండి. ఆపైన ‘వ్యూ’ మెనూలో ‘షో హిడెన్ డివైసెస్’ నొక్కితే, ఇప్పుడు తగిలించి లేని పరికరాల పద్దులు వెలిసిపోయిన రంగులో బయటపడతాయి. నాలుగేళ్ల ల్యాప్‌టాప్‌లో ఎప్పటెప్పటి బంధువుల పెన్‌డ్రైవ్‌లు, ఫోన్లు, ప్రింటర్లు పదుల కొద్దీ ఉంటాయి. వాటిలో మీ మౌస్‌కూ, పెన్‌డ్రైవ్‌కూ చెందినవి తీసేయండి, మిగిలినవాటి వల్ల హాని లేదు. ఇక రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి వెలిగించడం కాదు, రీస్టార్టే చేయాలి. విండోస్ 8 నుంచి ఉన్న ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వల్ల షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ తన లోపలి స్థితిని డిస్కులో దాచుకుని, మళ్లీ వెలిగించగానే అదే పైకి తెచ్చుకుంటుంది. ‘పదిసార్లు ఆపి వెలిగించినా అలాగే ఉందండీ’ అని రాసేవారి ఇబ్బందికి చాలామటుకు ఇదే కారణం.

దీనితోనూ కుదరకపోతే అదే విభాగంలో పోర్టులను కలిపి ఉంచే ‘రూట్ హబ్’ అన్న వరుసను, అప్పటికీ కాకపోతే వాటన్నిటినీ నడిపే ‘హోస్ట్ కంట్రోలర్’ను అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయవచ్చు. ఇక్కడ కాస్త జాగ్రత్త అవసరం. కంట్రోలర్ తీసిన మరుక్షణం దాని కింద ఉన్న మౌస్, వెబ్‌క్యామ్, బ్లూటూత్, వేలిముద్ర స్కానర్ అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. ల్యాప్‌టాప్ సొంత కీబోర్డు చాలా మోడళ్లలో యూఎస్‌బీ మీద ఆధారపడదు కనుక పనిచేస్తూనే ఉంటుంది. డెస్క్‌టాప్ మీద ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కి, బాణం మీటలతో రీస్టార్ట్ ఎంచుకోవచ్చు. బల్లమీది కంప్యూటర్‌లో మాత్రం కీబోర్డు, మౌస్ రెండూ యూఎస్‌బీవే అయి ఉంటాయి, కాబట్టి ఈ పని అక్కడ చేస్తే చేతులు కట్టేసుకున్నట్టే. మీ మేనల్లుడి ‘అన్నీ’ని నేను వద్దన్నది ఇందుకే.

ప్రశ్న: మాది విండోస్ 7తో కొన్న పాత ల్యాప్‌టాప్. మా అబ్బాయి దాన్ని విండోస్ 10కు మార్చి ఇచ్చాడు. నల్ల పోర్టులు బాగానే ఉన్నాయి, నీలం పోర్టులు రెండూ రోజుకు ఒకలా ఉంటున్నాయి. ‘మీ డ్రైవర్లు 23 పాతబడ్డాయి’ అని చెప్పిన ఒక సాఫ్ట్‌వేర్‌తో అన్నీ అప్‌డేట్ చేసినా ఫలితం లేదు.
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: డ్రైవర్‌ను నిజంగా తుడిచేయవలసిన సందర్భం మీది. నీలం నాలుక ఉన్నవి సాధారణంగా యూఎస్‌బీ 3.0 పోర్టులు. ఆ ప్రమాణం 2008లో వచ్చింది, విండోస్ 7 మాత్రం 2009లో విడుదలైనా దానికి కావలసిన డ్రైవర్‌ను తనతో తెచ్చుకోలేదు. అందువల్ల అప్పటి ల్యాప్‌టాప్ కంపెనీలు ఇంటెల్, రెనెసాస్ వంటి చిప్ తయారీదారుల డ్రైవర్లను విడిగా ఎక్కించి అమ్మేవి. విండోస్ 8 నుంచి మైక్రోసాఫ్ట్ సొంత డ్రైవర్ వచ్చింది, దాంతో ఆ పాతవాటి అవసరం తీరిపోయింది. పాత విండోస్ మీదనే కొత్తది ఎక్కించినప్పుడు ఆ డ్రైవర్ అక్కడే తిష్ఠ వేసుకుని ఉండిపోతుంది.

డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ 3.0 హోస్ట్ కంట్రోలర్ ప్రాపర్టీస్ తెరిచి ‘డ్రైవర్’ ట్యాబ్‌లో డ్రైవర్ ప్రొవైడర్ ఎవరో చూడండి. మైక్రోసాఫ్ట్ అని కాకుండా మరో పేరు, పక్కన 2011, 2012 నాటి తేదీ కనబడితే దొంగ దొరికినట్టే. అన్‌ఇన్‌స్టాల్ నొక్కినప్పుడు వచ్చే గడిలో ‘డిలీట్ ద డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఫర్ దిస్ డివైస్’ అన్నదానికి టిక్ పెట్టండి. విండోస్ 11 కొత్త కూర్పులలో ఇదే ‘అటెంప్ట్ టు రిమూవ్ ద డ్రైవర్’ అని ఉంటుంది. ఈ టిక్ పెట్టకపోతే పని అంతా వృథా. విండోస్ తాను ఎక్కించుకున్న ప్రతి డ్రైవర్ నకలునూ డ్రైవర్ స్టోర్ అనే గోదాములో దాచుకుంటుంది. టిక్ లేకుండా తీసేస్తే రీస్టార్ట్ కాగానే అక్కడి నుంచి అదే చెడ్డ డ్రైవర్‌ను మళ్లీ తెచ్చుకుంటుంది. వీధి గుమ్మంలోంచి పంపినవాణ్ణి పెరటి గుమ్మంలోంచి పిలుచుకున్నట్టు అవుతుంది. కంట్రోల్ ప్యానెల్‌లోని ప్రోగ్రాముల జాబితాలో ఆ చిప్ కంపెనీ పేరుతో యూఎస్‌బీ 3.0 డ్రైవర్ ఏదైనా ఉంటే ముందు దాన్ని తీసేసి, తర్వాత ఇది చేయండి.

ఇక ఆ 23 డ్రైవర్ల సాఫ్ట్‌వేర్‌ను ఈ రోజే తొలగించండి. డ్రైవర్ పాతబడడం రోగం కాదు. డ్రైవర్లు కావలసివస్తే ల్యాప్‌టాప్ అడుగున రాసి ఉన్న మోడల్ పేరుతో దాని కంపెనీ వెబ్‌సైటు నుంచి గానీ, విండోస్ అప్‌డేట్ నుంచి గానీ తీసుకోవాలి తప్ప, మీ మోడల్ ఏదో తెలియని మూడో మనిషి చేతి నుంచి కాదు.

ప్రశ్న: నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం విద్యార్థిని. ప్రాజెక్టులకు వాడే ఆర్డుయినో తరహా చవక సర్క్యూట్ బోర్డు ఒకటి, దానితో పాటు యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే కేబుల్ ఒకటి కొన్నాను. బోర్డు పెడితే లైటు వెలుగుతుంది కానీ దానితో కంప్యూటర్ మాట్లాడే కామ్ పోర్టు కనబడదు. కేబుల్ పెడితే కోడ్ 10 వస్తుంది. పోర్టులు పాడయ్యాయా?
— ఒక విద్యార్థి, అనంతపురం

జవాబు: పోర్టులను అనుమానించకండి. బోర్డు విషయంలో ముందు కేబుల్ మార్చి చూడండి. ఫోన్ చార్జర్లతో వచ్చే కొన్ని కేబుళ్లలో కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. లైటు వెలగడానికి కరెంటు చాలు. కేబుల్ మంచిదే అయి, డివైస్ మేనేజర్‌లో త్రికోణంతో కోడ్ 28 కనబడితే డ్రైవరే లేదని అర్థం. చవక బోర్డుల మీద తరచుగా ఉండే సీహెచ్340 చిప్‌కు దాని తయారీదారు ఇచ్చే డ్రైవర్ ఎక్కిస్తే కామ్ పోర్టు ప్రత్యక్షమవుతుంది.

కేబుల్‌కు వచ్చిన కోడ్ 10 కథ ఆసక్తికరమైనది. ఇలాంటి కేబుళ్లలో ఉండే పీఎల్2303, ఎఫ్‌టీ232 వంటి చిప్‌లకు మార్కెట్లో నకళ్లు ఎక్కువ. అసలు తయారీదారులు తమ కొత్త డ్రైవర్లు నకిలీ చిప్‌లతోనూ, తాము తయారీ మానేసిన పాత చిప్‌లతోనూ పనిచేయకుండా కట్టడి చేశారు. పీఎల్2303 రకంలో అయితే కొన్నిసార్లు డివైస్ మేనేజర్‌లో పరికరం పేరు ఉండవలసిన చోటనే ‘2012 నుంచి నిలిపివేసిన చిప్, మీకు అమ్మినవారిని సంప్రదించండి’ అన్న అర్థం వచ్చే ఇంగ్లిషు వాక్యం కనబడుతుంది. 2014లో ఎఫ్‌టీ232 తయారీదారు ఎఫ్‌టీడీఐ సంస్థ ఇంకా ముందుకు వెళ్లింది. విండోస్ అప్‌డేట్ ద్వారా చేరిన దాని డ్రైవర్ నకిలీ చిప్‌ల రకం సంఖ్యను సున్నాగా మార్చివేయడంతో, అవి ఆ తర్వాత ఏ కంప్యూటర్‌లో పెట్టినా మామూలుగా గుర్తింపు పొందకుండా పోయాయి. గొడవ జరిగాక ఆ డ్రైవర్‌ను విండోస్ అప్‌డేట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. నకిలీ తెలియక కొన్నవాడి వస్తువును చెప్పకుండా చెడగొట్టడం న్యాయమని నేను ఇప్పటికీ అనుకోను.

మీ కేబుల్ నిన్నటి దాకా పనిచేసి అప్‌డేట్ తర్వాత ఆగిపోతే, ‘డ్రైవర్’ ట్యాబ్‌లో ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ నొక్కితే పాతది తిరిగి వస్తుంది. ఆ బటన్ వెలిసిపోయి ఉంటే వెనక్కి వెళ్లడానికి పాతది ఏదీ లేదన్నమాట. కొత్తగా కొన్న కేబులే అయితే డ్రైవర్లతో కుస్తీ పట్టకుండా షాపులో తిరిగి ఇచ్చేయండి.

ప్రశ్న: కాసేపు ముట్టుకోకుండా వదిలితే మౌస్ చచ్చిపోతోంది, తీసి పెడితే బతుకుతోంది. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు మధ్యలోనే మాయమవుతోంది. డ్రైవర్లు తీసి రెండుసార్లు రీస్టార్ట్ చేశాను, ఒక పూట బాగుండి మళ్లీ మొదలవుతోంది.
— విశ్రాంత ఉద్యోగి, తెనాలి

జవాబు: బ్యాటరీ ఆదా కోసం విండోస్ కాసేపు పనిలేకుండా ఉన్న పరికరాల పోర్టులకు కరెంటు తగ్గిస్తుంది, కొన్ని మౌస్‌లు ఆ నిద్ర నుంచి లేవలేవు. డ్రైవర్ తీసి పెట్టినా ఈ అలవాటు పోదు. డివైస్ మేనేజర్‌లో ప్రతి ‘రూట్ హబ్’ ప్రాపర్టీస్ తెరిచి ‘పవర్ మేనేజ్‌మెంట్’ ట్యాబ్‌లో కంప్యూటర్ దీన్ని ఆపవచ్చు అన్న టిక్ తీసేయండి. పవర్ ఆప్షన్స్‌లో ‘యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్’ కనబడితే దాన్నీ డిజేబుల్ చేయండి. బ్యాటరీ కొంచెం తొందరగా దిగుతుంది, అంతే.

హార్డ్ డిస్కు సంగతి వేరు. ప్రమాణం ప్రకారం యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు 900 మిల్లీ ఆంపియర్లు ఇవ్వాలి. లోపల తిరిగే డిస్కు మొదట వేగం అందుకునేటప్పుడు అంతకు మించి లాగుతుంది. చెవి దగ్గర పెట్టుకుని వింటే టిక్కు టిక్కుమంటూ మళ్లీ మళ్లీ మొదలుపెడుతున్నట్టు వినబడితే కరెంటు చాలడం లేదని అనుమానించవచ్చు. సొంత అడాప్టర్ ఉన్న హబ్‌లో పెట్టి చూడండి, పొడవు కేబుల్ మానేయండి. అక్కడా అదే శబ్దం వస్తే డిస్కే పోతోంది. ముందు అందులోని ఫొటోలు మరోచోటికి కాపీ చేసుకోండి.

ప్రశ్న: 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మద్దతు ముగిసిందని మా డీటీపీ సెంటర్‌కు విండోస్ 11 ల్యాప్‌టాప్ కొన్నాను. శుభలేఖలు చేసే పాత సాఫ్ట్‌వేర్‌కు యూఎస్‌బీ డాంగిల్ (సాఫ్ట్‌వేర్‌కు తాళం చెవిలాంటి చిన్న పరికరం) ఉండాలి. దాన్ని ఏ పోర్టులో పెట్టినా గుర్తించడం లేదు. కోర్ ఐసోలేషన్ అనే విండోస్ భద్రతా ఏర్పాటును ఆపేస్తే పనిచేస్తుందని ఒకరన్నారు.
— డీటీపీ సెంటర్ యజమాని, విజయవాడ

జవాబు: ఆయన చెప్పింది అబద్ధం కాదు కానీ, తాళం చెవి పట్టడం లేదని తలుపే తీసి పక్కన పెట్టమన్నట్టుంది. కోర్ ఐసోలేషన్‌లోని ‘మెమరీ ఇంటిగ్రిటీ’ పాత పద్ధతిలో రాసిన డ్రైవర్లను లోపలికి రానివ్వదు. విండోస్ సెక్యూరిటీలో అదే పేజీలో ‘ఇన్‌కంపాటిబుల్ డ్రైవర్స్’ అన్న జాబితా ఉంటే తెరవండి, అడ్డుపడుతున్న ఫైలు పేరు, దాని తయారీదారు పేరు అక్కడ ఉంటాయి. ఆ పేరు డాంగిల్ తయారీదారుదే అయితే పాత డ్రైవర్‌ను, కాకినాడ పాఠకుడికి చెప్పిన టిక్ పెట్టి, పూర్తిగా తీసేసి, రీస్టార్ట్ చేసి, డాంగిల్ పోర్టులో లేకుండా చూసుకుని, ఆ తయారీదారు విండోస్ 11 కోసం ఇచ్చిన డ్రైవర్‌ను ఎక్కించండి. డాంగిల్‌ను ఆ తర్వాతే పెట్టాలి, ముందే పెడితే విండోస్ తనకు తోచిన డ్రైవర్‌తో మరో తప్పు పద్దు రాసుకుంటుంది. కొత్త డ్రైవర్ లేదని వారు చెబితే, పాత కంప్యూటర్‌ను ఇంటర్నెట్ తీసేసి శుభలేఖలకే ఉంచుకోండి. బయటి నుంచి వచ్చే పెన్‌డ్రైవ్‌లను మాత్రం ముందు కొత్త ల్యాప్‌టాప్‌లో స్కాన్ చేశాకే దానిలో పెట్టండి.